బెజవాడ ఎండలో విప్డ్ క్రీమ్: వెన్న కాకముందే ఆపడం ఎలా?

మా పాప పుట్టినరోజు మే నెలలో వస్తుంది. అయిదో పుట్టినరోజుకి కేకు ఇంట్లోనే చేస్తానని అందరికీ గొప్పగా చెప్పేశాను. సాయంత్రం నాలుగింటికి పటమటలో మా వంటింట్లో, చక్కెర పొడి ఎగిరిపోతుందని ఫ్యాన్ కూడా ఆపేసి, బీటర్ పెట్టి క్రీమ్ తిప్పడం మొదలుపెట్టాను. ఆ క్రీమ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి అప్పటికే అరగంట దాటింది. అయిదు నిమిషాలు తిప్పినా పాలలాగే ఉంది. పది నిమిషాలకు కాస్త నురగ వచ్చింది. హమ్మయ్య అనుకుని స్పీడు పెంచానో లేదో, గిన్నెలో ముద్దలు ముద్దలుగా విడిపోయి చుట్టూ నీళ్లు చేరాయి. గుంటూరు బ్రాడీపేట నుంచి పుట్టినరోజుకి వచ్చిన మా అత్తగారు గిన్నెలోకి తొంగిచూసి, "వెన్న బాగానే వచ్చిందిగా అమ్మాయ్, దేనికా దిగులు?" అన్నారు.

ఆవిడ సరదాకి అన్నా, అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది. మీగడను గిలకొడితే వెన్న వస్తుందని కవ్వం చూసిన ప్రతి ఇంటికీ తెలుసు. విప్డ్ క్రీమ్ అంటే అదే దారిలో కొంచెం ముందు దిగిపోవడం. గుంటూరు బండెక్కి నంబూరులో దిగిపోయినట్టు అనుకోండి. ఎక్కడ దిగాలో తెలిస్తే చాలు. ఇక రెండో చిక్కు మన ఎండ. బ్లేజ్‌వాడ అన్న పేరు మన ఊరికి ఊరికే రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నదంతా చల్లటి ఊళ్లలో వండేవాళ్ల కొలతలు కాదు, మన వంటింట్లో పనిచేసేవి.

ముందు ప్యాకెట్ వెనకవైపు చదవండి

క్రీమ్ కొనేటప్పుడు చూడాల్సింది ముందువైపు బొమ్మ కాదు, వెనకవైపు కొవ్వు శాతం. 30 శాతానికి తక్కువ ఉంటే ఎంత తిప్పినా గట్టిగా నిలబడదు. 35 శాతం ఉంటే హాయి. కూరల్లో, ఫ్రూట్ సలాడ్‌లో వేసే ఫ్రెష్ క్రీమ్ మామూలుగా 25 శాతం ఉంటుంది. అది నురగ కడుతుంది కానీ నిలవదు. చాలామంది మొదటిసారి ఓడిపోయేది ఇక్కడే. తప్పు చేతిది కాదు, ప్యాకెట్‌ది.

ఎందుకంటే, గిలకొట్టినప్పుడు క్రీమ్‌లోకి గాలి బుడగలు వెళ్తాయి. క్రీమ్‌లో ఉన్న కొవ్వు కణాలు ఒకదానికొకటి సగం సగం అతుక్కుని ఆ బుడగల చుట్టూ గోడ కడతాయి. కొవ్వు తక్కువైతే గోడకు ఇటుకలు చాలవు. పూర్తిగా అతుక్కుపోతే గోడ కూలి వెన్న ముద్ద అవుతుంది. సగం అతకాలంటే కొవ్వు చల్లగా, కొంత గట్టిగా ఉండాలి. పాల కొవ్వు సుమారు 37 నుంచి 40 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. ఫ్రిజ్ చల్లదనం దాటి 15, 20 డిగ్రీలకు వచ్చేసరికే చాలాభాగం మెత్తబడిపోతుంది. మన వంటింట్లో మే నెల మధ్యాహ్నం ఎంత ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు.

షాపుల్లో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి పాల క్రీమ్. దీనికి పాల రుచి ఉంటుంది, తీపి మన ఇష్టం, తిప్పితే దాదాపు రెండింతలు అవుతుంది. రెండోది బేకరీ సామాన్ల షాపులో ఫ్రీజర్‌లోంచి తీసి ఇచ్చే నాన్-డెయిరీ విప్పింగ్ క్రీమ్. ఇది పాలది కాదు, వనస్పతి నూనెలతో చేసింది. అప్పటికే తియ్యగా ఉంటుంది, మూడు నాలుగింతలు పొంగుతుంది, ఎండకు కూడా కాస్త ఎక్కువసేపు ఓర్చుకుంటుంది. బేకరీ కేకుల మీద తెల్లగా, నున్నగా కనిపించేది చాలావరకు ఇదే. తిన్నాక అంగిట్లో జిడ్డుగా ఒక పొర మిగిలినట్టు అనిపిస్తే కారణం ఇదే. నాకు పాల క్రీమే ఇష్టం. కానీ 20 మంది వచ్చే ఫంక్షన్‌కి, ఏసీ లేని హాల్లో కేకు పెట్టాల్సి వస్తే నాన్-డెయిరీయే వాడతాను. అక్కడ పంతానికి పోతే కేకు నేల మీద ఉంటుంది.

ఏది కొన్నా, కొన్నాక నేరుగా ఇంటికి రండి. క్రీమ్ ప్యాకెట్ సంచిలో వేసుకుని బీసెంట్ రోడ్డంతా తిరిగి, గాజులు బేరమాడి, చెరుకురసం తాగి ఇంటికి చేరితే ఆ క్రీమ్ పని అయిపోయినట్టే. నేనైతే ఒక చిన్న థర్మోకోల్ డబ్బా, రెండు ఐస్ ప్యాకులు బండి డిక్కీలో పెట్టుకుని వెళ్తాను.

అన్నీ చల్లగా, మీరు కూడా

పాల క్రీమ్‌ను కనీసం ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో లోపలివైపు ఉంచండి. తలుపు అరలో కాదు, తలుపు తీసిన ప్రతిసారీ అక్కడ వేడి తగులుతుంది. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. పాల క్రీమ్ గడ్డకడితే కరిగాక నీళ్లు, కొవ్వు విడిపోతాయి, ఇక సరిగ్గా పొంగదు. నాన్-డెయిరీ దీనికి పూర్తిగా తిరగేసి. ఫ్రీజర్‌లోంచి తీసి రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చాలి. పొద్దున అక్కడక్కడా సన్నటి ఐస్ పలుకులు ఇంకా కనిపిస్తుండగానే తిప్పడం మొదలుపెట్టాలి. తొందరపడి వేడినీళ్లలో పెట్టి కరిగిస్తే పొంగదు.

గిన్నె స్టీలుదే తీసుకోండి, లోతుగా ఉండాలి. ప్లాస్టిక్ గిన్నె తొందరగా చల్లబడదు, పైగా ఎంత తోమినా పాత జిడ్డు వదలదు. గిన్నెను, బీటర్ ఊచలను 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. తీశాక లోపల తేమ పడితే శుభ్రమైన పొడిగుడ్డతో ఒకసారి తుడవండి.

ఇక వేసవికి ప్రత్యేకం. ఇంకో పెద్ద బేసిన్‌లో ఐస్ ముక్కలు, చన్నీళ్లు పోసి, క్రీమ్ గిన్నెను అందులో కూర్చోబెట్టి తిప్పండి. నీళ్లు కూడా పోయాలి, ఉత్త ఐస్ ముక్కలైతే గిన్నెకు అక్కడక్కడే తగులుతాయి. నీళ్లు గిన్నె అంచు దాటి లోపలికి చిందకుండా సగం వరకే ఉండాలి. ఇలా చేయడం మొదలుపెట్టాక నాకు ఒక్కసారి కూడా చెడలేదు.

రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో అయితే టైము కూడా మార్చుకోండి. నేను తెల్లవారుజామున అయిదున్నరకు తిప్పేస్తాను. ఆ టైములో స్టవ్ వెలిగి ఉండదు, వంటిల్లు ఇంకా మనిషి ఉండేలా ఉంటుంది. ఏసీ గది ఉంటే మొహమాటపడకుండా గిన్నె పట్టుకుని అందులోకే వెళ్లండి. మా ఇంట్లో పుట్టినరోజు క్రీమ్ ఇప్పుడు పడగ్గదిలోనే తయారవుతోంది.

గిలకొట్టడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఆపడం

ఒక కప్పు, అంటే 250 మిల్లీలీటర్ల క్రీమ్‌కు లెక్క ఇది:

చక్కెర పొడి 2 పెద్ద చెంచాలు, వెనిల్లా ఎసెన్స్ అర చిన్న చెంచా, ఉప్పు చిటికెడు కూడా కాదు, రెండు వేళ్లకు అంటినంత. ఉప్పు వద్దనుకోకండి, పరమాన్నంలో వేసే చిటికెడు ఉప్పులాగే ఇదీ తీపిని నిలబెడుతుంది.

చక్కెర పొడి ఇంట్లో మిక్సీలో పట్టుకోవచ్చు. 100 గ్రాముల చక్కెరకు ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి మెత్తగా పట్టి, జల్లెడ పట్టండి. మిక్సీ జార్‌లోంచి తీసిన పొడి వేడిగా ఉంటుంది, చల్లారాకే వాడాలి. ఈ చిన్న విషయం ఎవరూ చెప్పరు.

చల్లటి క్రీమ్ గిన్నెలో పోసి, బీటర్‌ను ముందు తక్కువ స్పీడులో ఒక నిమిషం తిప్పండి. మొదట పెద్ద పెద్ద బుడగలు వస్తాయి, సబ్బు నురగలాగా. తర్వాత స్పీడు మధ్యస్థానికి పెంచండి. ఫుల్ స్పీడు వద్దు. తొందరగా అయిపోతుంది నిజమే, కానీ బుడగలు పెద్దవిగా ఉండి తొందరగానే కుంగిపోతాయి, పైగా ఎక్కడ ఆపాలో తెలిసేలోపే స్టేషను దాటిపోతుంది.

రెండు మూడు నిమిషాలకు బుడగలు సన్నబడి, బీటర్ వెనక గీతలు పడి వెంటనే మూసుకుపోతుంటాయి. చక్కెర పొడి, వెనిల్లా, ఉప్పు వేయాల్సింది ఇప్పుడే. చక్కెర మొదట్లోనే వేస్తే పొంగడానికి ఆలస్యమవుతుంది, ఆఖర్లో వేస్తే కలిసేలోపు క్రీమ్ ముదిరిపోతుంది.

ఇక్కడినుంచి ఫోన్ మోగినా ఎత్తకండి. గీతలు మూసుకోకుండా నిలబడటం మొదలవగానే బీటర్ ఆపి, పైకెత్తి చూడండి. కొన మెల్లగా వంగి తల వాల్చిందంటే సాఫ్ట్ పీక్స్. పండ్ల మీదకు, కాఫీ మీదకు, పుడ్డింగులో కలపడానికి ఇది చాలు. ఇంకో అర నిమిషం, అంతే, కొన నిటారుగా నిలబడితే స్టిఫ్ పీక్స్. కేకు మీద పూయడానికి, పువ్వులు వేయడానికి ఇది కావాలి. ఈ అర నిమిషాన్ని నేనైతే బీటర్ పక్కన పెట్టేసి చేత్తో తిప్పే తీగల విస్కర్‌తో చేస్తాను. ఇరవై ముప్పై చుట్లు తిప్పితే సరిపోతుంది. చేతికి బరువు తెలుస్తుంది, మెషిన్‌కు తెలియదు.

ముదిరిపోతోందనడానికి మొదటి గుర్తు మెరుపు పోవడం. పట్టులా నిగనిగలాడుతున్న క్రీమ్ ఒక్కసారి మసకబారి, అంచులు ఉప్మా రవ్వలా కనిపిస్తే వెంటనే ఆపేయండి.

బీటర్ లేనివాళ్లు చేతి విస్కర్‌తో చేయవచ్చు, ఐస్ బేసిన్ మీద పెట్టి పది నిమిషాలు తిప్పగల ఓపిక ఉండాలి. ఇంట్లో ఇద్దరుంటే వంతులు వేసుకోండి. కవ్వంతో ప్రయత్నించాను. దాని రెక్కలు లావు, గాలి పెద్దగా పట్టదు, వెన్న తీయడానికే పుట్టిన వస్తువది, అదే చేస్తుంది. మిక్సీ కూడా అంతే. ఆన్ చేసి ఆఫ్ చేసేంతలో వెన్న చేతికిస్తుంది.

నాన్-డెయిరీకి ఈ టెన్షన్ తక్కువ. అదే మధ్యస్థ స్పీడు, నాలుగైదు నిమిషాలు, చక్కెర వేయనక్కర్లేదు. అది వెన్నగా మారదు కానీ ఎక్కువ తిప్పితే దూదిలా పొడిబారి, పూసినప్పుడు రంధ్రాలు రంధ్రాలుగా కనిపిస్తుంది.

గంటసేపు నిలవాలంటే

వెంటనే తినేయడానికైతే పైన చెప్పింది చాలు. కేకు చేసి, చుట్టాలు వచ్చేదాకా ఆగి, ఫొటోలయ్యాక కోయాలంటే క్రీమ్‌కు ఏదో ఒక ఊతం ఇవ్వాలి.

అన్నిటికన్నా సులువు పాలపొడి. కప్పు క్రీమ్‌కు ఒక పెద్ద చెంచా పాలపొడిని చక్కెర పొడితోపాటు జల్లించి వేయండి. రుచి కూడా చిక్కబడుతుంది. ఎక్కువైతే కోవా వాసన వస్తుంది, అది మీకు ఇష్టమైతే వేరే సంగతి.

నాకు బాగా నచ్చింది కార్న్‌ఫ్లోర్ పద్ధతి. చక్కెర పొడి మొత్తాన్నీ, ఒక చిన్న చెంచా కార్న్‌ఫ్లోర్‌ను నాలుగు పెద్ద చెంచాల చల్లటి పాలలో ఉండల్లేకుండా కలిపి, సన్నటి సెగ మీద గరిటెతో తిప్పుతూ చిక్కటి జావలా అయ్యేదాకా ఉడికించండి. పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉన్నా కుదరదు. క్రీమ్ సాఫ్ట్ పీక్స్‌కు వచ్చే ముందు చెంచా చెంచాగా వేస్తూ తిప్పండి. ఇలా చేసినది ఫ్రిజ్‌లో మర్నాటికి కూడా నీరు వదలదు.

జెలటిన్ వాడితే ఇంకా గట్టిగా నిలుస్తుంది. ముప్పావు చిన్న చెంచా పొడిని ఒక పెద్ద చెంచా చన్నీళ్లలో అయిదు నిమిషాలు నానబెట్టి, ఆ గిన్నెను వేడినీళ్ల మీద పెట్టి కరిగించి, గోరువెచ్చగా అయ్యాక సన్నటి ధారగా పోస్తూ తిప్పాలి. వేడిగా పోస్తే క్రీమ్ కరుగుతుంది, బాగా చల్లారాక పోస్తే దారాలు దారాలుగా గడ్డకడుతుంది. అయితే జెలటిన్ జంతువుల నుంచి తీసేది. ఇంట్లో శాకాహారులుంటే, ముఖ్యంగా కార్తీక మాసంలో పెద్దవాళ్లకు పెట్టేటప్పుడు, వాడకపోవడమే మర్యాద. వాడితే ముందే చెప్పండి.

రుచులు

వెనిల్లా ఒక్కటే ఎన్నాళ్లు? సూత్రం ఒకటి గుర్తుంచుకుంటే ఏ రుచైనా వేయవచ్చు: నీళ్లగా ఉన్నది, వేడిగా ఉన్నది, పుల్లగా ఉన్నది క్రీమ్‌కు శత్రువులు. వేయాల్సినదాన్ని చిక్కబరచాలి, చల్లార్చాలి, లేదా పొడి చేయాలి.

మామిడితో మొదలుపెడతాను. మన ఊళ్లో ఉండి మామిడి క్రీమ్ చేయకపోతే తప్పు. నూజివీడు రసాలు వాసనకు రాజులు, కానీ పేరులోనే ఉంది కదా, రసం ఎక్కువ, పీచు కూడా. గుజ్జు తీసి తప్పకుండా వడకట్టాలి. బంగినపల్లి గుజ్జు చిక్కన, పీచు ఉండదు, పని తేలిక. నేను రెండూ సగం సగం కలుపుతాను. ఒక కప్పు గుజ్జును అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్న సెగ మీద అర కప్పు అయ్యేదాకా దగ్గరకు తీయండి. అడుగంటితే మామిడితాండ్ర వాసన వచ్చేస్తుంది. ఫ్రిజ్‌లో బాగా చల్లార్చి, స్టిఫ్ పీక్స్‌కు వచ్చిన క్రీమ్‌లో మూడు నాలుగు పెద్ద చెంచాలు వేసి గరిటెతో కింది నుంచి పైకి మెల్లగా కలపండి. బీటర్ వద్దు. పచ్చి గుజ్జు నేరుగా వేస్తే క్రీమ్ పలచబడి, పులుపుకి కాస్త విరిగినట్టు కూడా అవుతుంది.

సీతాఫలానికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఉడికిస్తే చేదెక్కుతుంది. గింజలు తీసి గుజ్జును ఒక గంట సన్నటి జల్లెడలో వదిలేసి నీరు కారనిచ్చి, చల్లగా అలాగే కలపాలి. వెంటనే తినేయాలి.

అనాసపండు పచ్చిగా వేయకండి. అందులో ఉండే ఎంజైము పాల ప్రోటీన్లను విరగ్గొట్టి చేదు తెస్తుంది, జెలటిన్ వేసి ఉంటే దాన్నీ గడ్డకట్టనివ్వదు. ముక్కలను చక్కెర వేసి అయిదు నిమిషాలు ఉడికిస్తే ఆ గొడవ ఉండదు.

తాటిబెల్లం క్రీమ్ తిన్నవాళ్లు రెండోసారి అడుగుతారు. పాయసంలో బెల్లం ఎప్పుడు వేస్తామో గుర్తు తెచ్చుకోండి, స్టవ్ కట్టేసి కాస్త చల్లారాకే కదా, లేకపోతే పాలు విరుగుతాయని. ఇక్కడా అంతే. మూడు పెద్ద చెంచాల తురుమును ఒక చెంచా నీళ్లలో కరిగించి, ఇసుక రాకుండా వడకట్టి, తేనెలా చిక్కబడేదాకా కాచి చల్లార్చండి. చక్కెర బదులు ఇదే. క్రీమ్ లేత గోధుమరంగుకి తిరిగి, కొంచెం మెత్తగా ఉంటుంది, కేకు పువ్వులకు కాదు. వేయించిన కొబ్బరి తురుము, నాలుగు జీడిపప్పులు పైన చల్లి గిన్నెల్లో ఇవ్వండి.

కాఫీ. ఫిల్టర్ డికాక్షన్ ఎంత చిక్కగా దించినా అందులో నీళ్లే ఎక్కువ. ఇన్‌స్టంట్ కాఫీ పొడి ఒకటిన్నర చిన్న చెంచాను ఒక చెంచా వేడినీళ్లలో కరిగించి చల్లార్చి వేస్తే అయిపోతుంది. ఓపిక ఉంటే ఇంకో దారి ఉంది. ఫిల్టర్ కాఫీ పొడి ఒక పెద్ద చెంచాను పలచటి గుడ్డలో మూటకట్టి, తిప్పని క్రీమ్‌లో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున మూట పిండకుండా తీసేసి క్రీమ్ తిప్పండి. రంగు పెద్దగా మారదు, నోట్లో పెట్టుకుంటే మాత్రం పొద్దున్నే వంటింట్లోంచి వచ్చే వాసన.

కోకో ఒకటిన్నర పెద్ద చెంచా, చక్కెర పొడితో కలిపి జల్లించి వేయండి. కోకో తడి పీల్చుకుంటుంది కాబట్టి క్రీమ్ తొందరగా గట్టిపడుతుంది, మామూలుకన్నా ముందే ఆపండి. దీనికి మా అత్తగారింటి ముద్ర ఒకటి వేశాను. రెండు గుంటూరు ఎండుమిరపకాయలు గింజలు దులిపి, పొడి బాణలిలో వాసన వచ్చేదాకా వేయించి, మూడు చెంచాల వెచ్చటి క్రీమ్‌లో పావుగంట నానబెట్టి తీసేస్తాను. ఆ క్రీమ్‌ను బాగా చల్లబరిచి మిగతా క్రీమ్‌లో కలిపి కోకోతో తిప్పుతాను. మొదట చాక్లెట్, మింగాక గొంతులో సన్నటి సెగ. "మిరపకాయ వేసి తీపి చేసే పిల్లను ఇప్పుడే చూస్తున్నా" అంటూనే ఆవిడ గిన్నె ఖాళీ చేశారు. కారం పొడి మాత్రం నేరుగా వేయకండి. పలుకులు నాలుకకు తగులుతాయి, రంగు కూడా పచ్చడిలా ఉంటుంది.

ఏలకులు, కుంకుమపువ్వు అందరికీ తెలిసినవే. కుంకుమపువ్వును ఒక చెంచా వెచ్చటి పాలలో నానబెట్టి చల్లార్చి వేయాలి, ఏలకుల పొడి జల్లించాలి. పచ్చకర్పూరం వేస్తానంటే ఆవగింజలో సగం. అంతకుమించితే కేకు కాదు, ప్రసాదం.

చెడిపోతే

అంచులు గరుకుగా మారగానే ఆపి ఉంటే బతికించవచ్చు. పక్కన దాచిన చల్లటి తిప్పని క్రీమ్ రెండు మూడు చెంచాలు వేసి, గరిటెతో మెల్లగా కలపండి. మళ్లీ నునుపు వస్తుంది. అందుకే ప్యాకెట్ మొత్తం ఒకేసారి గిన్నెలో పోయకండి, పావు కప్పయినా వెనక ఉంచుకోండి.

ముద్దలు, నీళ్లు విడిపోయాయంటే ఇక వెనక్కి రాదు. మొహం చిన్నబుచ్చుకోకుండా ఇంకో నిమిషం తిప్పి వెన్న పూర్తిగా రానివ్వండి, ఐస్ నీళ్లలో కడిగి తీసుకోండి. అప్పటికి చక్కెర వేసి ఉంటే నెయ్యి కాచకండి, అడుగున మాడిపోతుంది. తీపి వెన్నగా బ్రెడ్ మీద రాసుకోండి. చక్కెర వేయకముందే అయితే నెయ్యి కాచుకోవచ్చు. విడిపోయిన ఆ పలచటి పాలు చపాతీ పిండిలోకి బాగుంటాయి.

ఎంత తిప్పినా పలచగానే ఉంటే ఆపి, గిన్నెతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే కొవ్వు శాతం తక్కువన్నమాట. ఫ్రూట్ సలాడ్ చేసేయండి, ఎవరికీ తెలియదు.

క్రీమ్ దొరకనప్పుడు

ఇంటికి గేదె పాలు పోయించుకునేవాళ్లు మీగడతో చేయవచ్చా అని అడుగుతారు. చేయవచ్చు, ఆశలు తగ్గించుకుని. కాచి చల్లార్చిన పాలను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పైన గట్టిపడిన మీగడ మాత్రమే తీయండి. రెండు రోజులకు మించి పోగు చేయకండి, వాసన మారుతుంది. దాన్ని జల్లెడలో వేసి గరిటెతో నొక్కి నున్నగా చేసి, మళ్లీ చల్లబరిచి, చేత్తో తిప్పండి. నిమిషం రెండు నిమిషాల్లోనే చిక్కబడుతుంది, అక్కడే ఆపాలి, వెన్న గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. కాచిన పాల మీగడ కాబట్టి కాస్త పలుకుగా ఉంటుంది. కేకు మీద పువ్వులు రావు. కానీ వేసవిలో చల్లటి తాటిముంజల మీద ఈ మీగడ, కొంచెం చక్కెర వేసుకుంటే కొన్న క్రీమ్ దీని ముందు దిగదుడుపే.

కేకుకే కావాలంటే వెన్న, పాలు కలిపి క్రీమ్ చేసుకోవచ్చు. ఉప్పు లేని ప్యాకెట్ బటర్ 100 గ్రాములు, ఫుల్ క్రీమ్ పాలు 130 మిల్లీలీటర్లు కలిపి వెన్న కరిగేదాకా మాత్రమే వేడిచేయండి, మరగనివ్వకండి. మిక్సీ జార్ సగానికి మించి నింపకుండా, మూత మీద గుడ్డ వేసి చేత్తో నొక్కిపట్టి, ఆపుతూ ఆపుతూ రెండు నిమిషాలు తిప్పండి. వడకట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున చూస్తే పైన వెన్న పొర విడిగా తేలితే సరిగ్గా కలవలేదన్నమాట, మళ్లీ వెచ్చబెట్టి తిప్పాలి. అంతా ఒకటిగా కలిసి ఉంటే మామూలు క్రీమ్‌లాగే పొంగుతుంది. పెరుగు చిలికి తీసిన వెన్న వాడకండి, పులుపు తెలుస్తుంది.

కేకు మీదకి, ఫ్రిజ్‌లోకి

కేకు పూర్తిగా చల్లారాలి. చేయి పెడితే చల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది, లోపల వెచ్చదనం ఉంటుంది. నేను ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెడతాను. అరకిలో కేకుకు 250 మిల్లీలీటర్ల పాల క్రీమ్ సరిపోతుంది. ముందు పలచగా ఒక పూత వేసి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే కేకు పొడి రాలదు, తర్వాత అసలు పూత నున్నగా వస్తుంది.

పువ్వులు వేసేటప్పుడు క్రీమ్ పిండే కోన్‌ను సగమే నింపండి. చేతి వేడికి లోపలి క్రీమ్ కరుగుతుంది. ఎక్కువ పువ్వులుంటే రెండు కోన్లు పెట్టుకుని, ఒకటి చేతిలో ఉన్నప్పుడు రెండోది ఫ్రిజ్‌లో ఉంచండి. మధ్యమధ్య చేతులు చన్నీళ్లలో ముంచి తుడుచుకుంటే ఇంకా మంచిది.

బయట పెట్టాల్సి వస్తే, మే నెలలో ఏసీ లేని గదిలో పావుగంటే లెక్క. కొవ్వొత్తులు, పాట, ఫొటోలు అన్నీ ఆ పావుగంటలోనే. చలికాలంలో ముప్పావుగంట దాకా పర్వాలేదు.

మిగిలిన క్రీమ్‌ను మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఉంటుంది. మూత మాట ఊరికే అనలేదు. క్రీమ్ పక్కనున్నవాటి వాసన ఇట్టే పట్టేస్తుంది, మన ఫ్రిజ్‌లో పక్కనుండేది గోంగూర పచ్చడో, ఇంగువ పోపేసిన చారో. ఇంకా ఎక్కువ రోజులు కావాలంటే నూనె కాగితం పరిచిన పళ్లెంలో చిన్న చిన్న కుప్పలుగా పెట్టి ఫ్రీజర్‌లో గట్టిపడనిచ్చి, డబ్బాలోకి మార్చుకోండి. మళ్లీ కేకుకు పనికిరావు కానీ, కావలసినప్పుడు ఒక్కో కుప్ప తీసి వేడి కాఫీ మీదో, పిల్లల బూస్ట్ మీదో వేయవచ్చు.